గోదావరి గట్టున అద్దె ఇంటి ఈతకొలను: లీకులు, ప్రమాదాలు, బాధ్యతలు

ఈతకొలనులో నీటిమట్టం పడిపోవడానికి కారణాలు నాలుగు: ఎండకు ఆవిరి కావడం, ఈదేవాళ్ల తాకిడికి గట్టు మీదికి చిమ్మడం, ఫిల్టర్ కడిగినప్పుడు నీళ్లు బయటికి పోవడం, లీకు. మొదటి మూడింటికీ లెక్క ఉంటుంది. నాలుగోది లెక్కకు అందకుండా జరుగుతుంది. సొంత ఇంట్లో అయితే ఎవరో ఒకరి కంట పడుతుంది. అద్దె ఇంట్లో కొలను కట్టించినవారు ఒకరు, వాడుకునేవారు ఒకరు, నీళ్లు పట్టి మందు కలిపే వాచ్‌మన్ ఇంకొకరు. ఎన్ని నీళ్లు తగ్గాయో, ఎన్ని పట్టారో ముగ్గురిలో ఎవరికీ పూర్తిగా తెలియదు. వాచ్‌మన్ రోజూ పొద్దున్నే మోటారు వేసి మట్టం సరిచేస్తూ పోతే లీకు ఏళ్ల తరబడి దాగి ఉంటుంది.

గోదావరి సీమలో లీకు దాగడానికి మరో కారణం కూడా ఉంది. పట్టిసీమ దగ్గర నది పాపికొండల ఇరుకు దాటి విశాలంగా పరుచుకుంటుంది. నడిమి దిబ్బ మీద వీరభద్రస్వామి గుడి, కుడిగట్టున 24 పంపులతో 8,500 క్యూసెక్కులు తోడేలా 2015లో మొదలైన ఎత్తిపోతల పథకం ఉన్నాయి. దిగువన ధవళేశ్వరం బ్యారేజీ నుంచి మూడు డెల్టాలకూ కాలువలు పారతాయి. ఇంతటి నీటి మధ్య రోజుకు వెయ్యి లీటర్లు నేలలోకి ఇంకిపోతే ఎవరికీ పట్టదు. అదే రాయలసీమలో ట్యాంకరుకు డబ్బు కట్టి కొలను నింపే యజమాని రెండో రోజుకే పసిగడతాడు. పాపికొండల యాత్రికులు, దిండి చుట్టుపక్కల కోనసీమ అందాలు చూడవచ్చేవారు, సంక్రాంతికి భీమవరం వైపు దిగే బంధుమిత్రులు ఇళ్లనూ ఫామ్‌హౌస్‌లనూ రోజుల లెక్కన అద్దెకు తీసుకుంటున్నారు. పెరట్లో కొలను ఉంటే అద్దె పెరుగుతుంది. దాంతోపాటు పెరిగే బాధ్యత మాత్రం కరారు కాగితాల్లో అరుదుగా కనిపిస్తుంది.

8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, సగటున 1.2 మీటర్ల లోతున్న కొలనులో సుమారు 38 వేల లీటర్లు పడతాయి. మట్టం ఒక్క సెంటీమీటరు తగ్గిందంటే 320 లీటర్లు పోయినట్టు. వేసవిలో ఆవిరి కింద రోజుకు అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు దాకా తగ్గడం సహజం. పొడి గాలి వీస్తే ఇంకాస్త ఎక్కువ. ముసురు పట్టిన రోజుల్లో చాలా తక్కువ. ఎవరూ ఈదకుండానే మట్టం రోజుకు రెండు సెంటీమీటర్లు దాటి పడుతుంటే లీకును అనుమానించాలి.

అనుమానం తీర్చుకోవడానికి పైసా ఖర్చులేని పరీక్ష బకెట్‌ది. బకెట్‌లో కొలను నీళ్లే పోసి, కదలకుండా కొలను మెట్టు మీద సగానికి పైగా మునిగేలా పెట్టాలి. లోపలి మట్టాన్నీ బయటి మట్టాన్నీ పెన్సిల్‌తో గుర్తుపెట్టి 24 గంటలు ఆగాలి. ఆవిరి రెండింటికీ ఒకటే కాబట్టి కొలను మట్టం బకెట్ కంటే ఎక్కువ తగ్గితే ఆ తేడా లీకే. పంపు నడుస్తుండగా ఒక రోజు, ఆపేసి మరో రోజు ఈ పరీక్ష చేస్తే లీకు ఏ వైపు ఉందో కూడా తెలిసిపోతుంది. పంపు నడిచినప్పుడు ఎక్కువ తగ్గితే ఫిల్టర్ నుంచి కొలనుకు తిరిగొచ్చే పైపుల మీద అనుమానం. ఆపినప్పుడు ఎక్కువ తగ్గితే కొలను నుంచి పంపుకు పోయే పీల్పు పైపుల మీద. తిరిగొచ్చే నీటిలో గాలిబుడగలు వస్తుంటే ఆ రెండో అనుమానం బలపడుతుంది. ఎప్పుడైనా ఒకేలా తగ్గితే కాంక్రీటు గోడలోనో, అడుగులోనో, వాటిలో బిగించిన సామానులోనో లోపం ఉంది.

ఆ తర్వాత నీళ్లు పట్టడం ఆపి, మట్టం ఎక్కడిదాకా దిగి నిలుస్తుందో చూడాలి. పైన తేలే చెత్తను లాగే స్కిమ్మర్ నోటి దగ్గర ఆగితే దాని చుట్టూ ఉన్న అతుకులో, గోడ లైటు దగ్గర ఆగితే లైటు వెనక గూట్లోంచి పోయే వైరు గొట్టంలో తప్పు ఉంటుంది. లైటు గూడు లీకుల్లో చాలా మామూలైనది, మేస్త్రీలు ఆఖరున చూసేదీ అదే. చోటు తేలాక పంపు ఆపి, నీళ్లు నిశ్చలమయ్యాక, సిరంజితో వంటల్లో వాడే రంగు ఆ పగులు దగ్గర మెల్లగా వదలాలి. లీకు ఉంటే రంగు దారంలా సాగి లోపలికి పోతుంది. పైపుల్లో అనుమానం ఉంటే రెండు కొసలూ బిరడాలతో మూసి నీటి ఒత్తిడి పెట్టి, మీటరు ముల్లు పడిపోతుందో లేదో చూస్తారు. గాలి కంప్రెసర్‌తో ఈ పని చేయడం ప్రమాదకరం. ఒత్తిడికి లోనైన గాలి పైపును పగలగొట్టి ముక్కలను దూరంగా విసురుతుంది. కొలను బయట కూడా చూడవలసినవి ఉన్నాయి: గట్టు రాళ్లు ఒకవైపు కుంగడం, ఎండాకాలంలోనూ ఒకే చోట గడ్డి పచ్చగా ఉండడం, పంపు గది నేల ఎప్పుడూ చెమ్మగా ఉండడం.

డెల్టాలో ఈ పరీక్షలన్నిటినీ తారుమారు చేసేది ఒకటుంది, భూగర్భ జలం. కాలువలు పారే రోజుల్లో, ముఖ్యంగా వానాకాలంలో, చాలాచోట్ల నేలలో నీళ్లు అతి తక్కువ లోతులోనే ఉంటాయి. పక్కన వరిచేను తడిలో ఉన్నా, రొయ్యల చెరువు నిండుగా ఉన్నా ఆ ఊట కొలను చుట్టూ చేరుతుంది. బయటి నీటిమట్టం లోపలి మట్టంతో సమానమైతే పగులు ఉన్నా నీళ్లు పోవు. బయట ఎక్కువైతే నీళ్లు లోపలికే వస్తాయి. ఆగస్టులో పరీక్ష చేసి లీకు లేదని తేల్చిన కొలను మే నెలలో రోజుకు మూడు సెంటీమీటర్లు తగ్గడంలో వింతేమీ లేదు. రబీ కోతలయ్యాక కాలువలు కట్టేసిన రోజుల్లో, వాన లేనప్పుడు చేసిన పరీక్షనే ఇక్కడ నమ్మాలి. లోపలికి ఊరే నీరు మురికిని కూడా వెంట తెస్తుంది. తీరం వైపు అది ఉప్పునీరైతే కాంక్రీటులోని ఇనుమును తినేస్తుంది. గోడ మీద తుప్పు మరకలు కనబడ్డాయంటే విషయం ముదిరిందన్నమాట.

లీకు అనగానే ఎవరైనా మొదట ఇచ్చే సలహా ‘నీళ్లు తోడేసి చూద్దాం’ అనేది. గోదావరి జిల్లాల్లో దీన్ని మించిన చెడ్డ సలహా లేదు. పైన చెప్పిన కొలనునే తీసుకుంటే, గోడలూ అడుగూ 20 సెంటీమీటర్ల మందం అనుకుంటే కాంక్రీటు బరువు దాదాపు 33 టన్నులు. భూగర్భ జలం అడుగు పలక కింది అంచు కంటే ఒక్క మీటరు పైన ఉంటే కింది నుంచి పైకి తన్నే బలం సుమారు 37 టన్నులు. కొలను నిండా నీళ్లున్నంతసేపు మరో 38 టన్నుల బరువు తోడై దాన్ని అణచి ఉంచుతుంది. తోడేసిన మరుక్షణం లెక్క తిరగబడుతుంది. చుట్టూ ఉన్న మట్టి కొంత పట్టి ఉంచవచ్చు గాని దాన్ని నమ్ముకోకూడదు. కొలను ఒక మూల పైకి లేస్తుంది, లేదా అడుగు పలక ఉబ్బి పగులుతుంది, పైపులు తెగుతాయి. వేలల్లో పోయే మరమ్మతు లక్షలకు చేరుతుంది. నల్లరేగడి ఉన్నచోట మట్టి తడికి ఉబ్బి ఎండకు బీటలువారుతూ గోడలను అదనంగా నలిపేస్తుంది. లంకల ఇసక నేలల్లో మరో బాధ ఉంది. లీకు నీరు కింది ఇసకను మెల్లగా కడుక్కుపోయి పలక కింద గుల్ల ఏర్పరుస్తుంది.

వరద వచ్చిపోయిన వారం మరీ ప్రమాదం. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. 1986 ఆగస్టులోనూ 2022 జులైలోనూ మూడో హెచ్చరిక దాటి లంక గ్రామాలు మునిగాయి. నది తగ్గినా నేలలో నీళ్లు వెంటనే తగ్గవు. ఒండ్రుతో నిండిన కొలనును చూసి యజమాని మనసు అదే రోజు తోడేయమంటుంది. అలా చేయకూడదు. పటికతో మట్టిని అడుక్కి దించి, కొంచెం కొంచెంగా అడుగు బురదను పీల్చి బయటికి పంపుతూ, అన్ని నీళ్లూ మళ్లీ పడుతూ శుభ్రం చేయాలి. పూర్తిగా ఖాళీ చేయక తప్పని మరమ్మతు అయితే వేసవి దాకా ఆగి, దగ్గర్లోని బావి మట్టం కొలిచి, లేదా కొలను పక్కనే రెండు మీటర్ల లోతున చిల్లుల పైపు దింపి నీటి జాడ చూసుకుని మొదలుపెట్టాలి. కొత్తగా కట్టేవారు అడుగున ఒత్తిడి తగ్గించే వాల్వు పెట్టించుకుంటే ఈ భయం చాలావరకు తీరుతుంది.

మరమ్మతులో ఒక మాయ ఉంది. టైల్స్ సందుల్లో తెల్ల సిమెంటు పూసి పని అయిందనిపించడం. నీళ్లను ఆపేది టైల్ కాదు, దాని వెనక ఉన్న కాంక్రీటు, దాని మీది వాటర్‌ప్రూఫ్ పూత. నీళ్లు నిలిపే కాంక్రీటు కట్టడాలకు ఐఎస్ 3370, నేల కింది ట్యాంకులకూ ఈతకొలనులకూ వాటర్‌ప్రూఫింగ్ చేయడానికి ఐఎస్ 6494 అనే భారతీయ ప్రమాణాలు ఉన్నాయి. మొదటిదాని ప్రకారం నేలలో పాతిన మూత గల ట్యాంకును నింపి ఏడు రోజులు నానబెట్టి, తర్వాతి ఏడు రోజుల్లో మట్టం 40 మిల్లీమీటర్లకు మించి తగ్గకపోతే గట్టిదని ఒప్పుకుంటారు. మూత లేని కొలనుకు ఆవిరిని విడిగా లెక్కలోకి తీసుకోవాలి. మేస్త్రీకి ఆఖరు వాయిదా డబ్బు ఇచ్చే ముందు ఇలాంటి పరీక్ష పెట్టడం మర్యాద తప్పడమేమీ కాదు. చిన్న పగుళ్లకు నీటి అడుగునే గట్టిపడే ఎపాక్సీ ముద్ద సరిపోతుంది. గోడా అడుగూ కలిసే చోట వచ్చిన పగులుకు ఆ ముద్ద సీజను దాటించే సర్దుబాటు మాత్రమే.

లీకు జేబుకు చిల్లు. ఒక వారం ఆగినా కొంపలు మునగవు. గేటు, అడుగున ఉండే డ్రైన్ మూత, కరెంటు అలా కావు. వీటిలో ఏది పాడైనా ఆ పూటే కొలను మూసేయాలి. ఆచరణలో ఇది తలకిందులుగా జరుగుతుంది. నీళ్లు పోతుంటే మేస్త్రీ పరుగున వస్తాడు, విరిగిన గేటు గడియ పండగ దాటినా అలాగే వేలాడుతుంది.

పసిపిల్లలు నీటిలో మునిగేటప్పుడు కేకలు వేయరు, చేతులు కొట్టుకోరు. నిమిషాల్లో అయిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రపంచమంతటా సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు, వారిలో నాలుగో వంతు దాకా అయిదేళ్ల లోపు పిల్లలు. అద్దె ఇంట్లో పిల్లలకు చోటు కొత్త. పెద్దలు సామాన్లు దించే హడావుడిలో ఉంటారు. దిగిన మొదటి గంటే గండం. కొలను చుట్టూ కనీసం 1.2 మీటర్ల ఎత్తు కంచె, ఊచల మధ్య పది సెంటీమీటర్లకు మించని సందు, దానంతటదే మూసుకునే గేటు, చిన్న చేతికి అందని గడియ ఉండాలి. ఫ్రాన్స్‌లో 2003 జనవరి 3న వచ్చిన చట్టం ఇళ్లలో నేలలోకి తవ్వి కట్టిన కొలనులకు కంచె, మూత, అలారం వంటి రక్షణ ఏదో ఒకటి తప్పనిసరి చేసింది. సీజన్‌లో అద్దెకిచ్చే ఇళ్లకు గడువును మిగతా పాత కొలనుల కంటే ముందు పెట్టింది. అలవాటు లేని అతిథులకే ముప్పు ఎక్కువన్న సంగతిని అక్కడి చట్టసభ గుర్తించింది. మన దగ్గర 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగాక పాపికొండల విహారం కొన్నాళ్లు ఆగింది, బోట్లపై నిఘా, నియంత్రణ గదులు వచ్చాయి. అదే యాత్రికుడు రాత్రి దిగే ఇంటి పెరట్లో గేటు మూసుకుంటుందో లేదో చూడటానికి ఎవరూ రారు. ఆ తనిఖీ అతిథే చేసుకోవాలి.

అడుగున ఉండే మెయిన్ డ్రైన్ పంపుకు నీళ్లు అందిస్తుంది. దాని మూత ఊడినా పగిలినా ఆ రంధ్రం జుట్టునో, చెయ్యినో, ఒంటినో పట్టి లాగేస్తుంది. పెద్దవాళ్లు ఇద్దరు లాగినా విడిపించలేనంత బలం అది. 2002లో అమెరికాలో మాజీ విదేశాంగ మంత్రి జేమ్స్ బేకర్ మనవరాలు, ఏడేళ్ల గ్రేమ్, వేడినీటి తొట్టిలో ఇలాగే చిక్కుకుని చనిపోయింది. ఆ పాప పేరుతో 2007లో చట్టం వచ్చి అక్కడి పబ్లిక్ కొలనులన్నిటికీ చిక్కుపడనివ్వని మూతలు తప్పనిసరయ్యాయి. ఒకే డ్రైన్‌కు బదులు దూరంగా రెండు డ్రైన్లు ఉంటే ఒకటి మూసుకున్నా రెండోది నీళ్లందిస్తుంది, పీల్పు బలం ఒకచోట చేరదు. పంపు ఆపే స్విచ్ ఎక్కడుందో ఇంట్లో దిగినవారందరికీ ముందే తెలిసి ఉండాలి. తాళం వేసిన పంపు గది, తాళంచెవి జేబులో వేసుకుని ఊళ్లోకి వెళ్లిన వాచ్‌మన్ అనే ఏర్పాటు పనికిరాదు.

కరెంటు విషయానికి లీకుతో నేరుగా సంబంధం ఉంది. లైటు గూట్లో చేరిన నీరు వైరు అతుకు దాకా పోతే కొలను మొత్తానికి కరెంటు పాకవచ్చు. నీటి లోపలి దీపాలు 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ మీదే నడవాలి. పంపుకూ లైట్లకూ కరెంటు లీకైతే లైనును తెంచే 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ ఉండాలి. నెలకోసారి దాని టెస్టు మీట నొక్కి పడుతుందో లేదో చూడాలి. నిచ్చెన, చేతిపట్టు వంటి ఇనుప సామానంతటినీ ఎర్త్‌తో కలపాలి. ఇక్కడ తరచు జరిగే పొరపాటు జనరేటరుది. కరెంటు పోయినప్పుడు ఆర్‌సీసీబీని తప్పించి నేరుగా కలిపిన లైను మీద పంపు నడుస్తుంటుంది. పెళ్లికో సంక్రాంతికో కొలను మీదుగా లాగిన సీరియల్ బల్బుల తీగలు మరో పొరపాటు. నీళ్లలో దిగినప్పుడు ఒళ్లు జిల్లుమన్నా, నిచ్చెన పట్టుకుంటే చురుక్కుమన్నా మెయిన్ ఆపించాలి. అప్పటికే నీళ్లలో ఉన్నవారు ఇనుము తాకకుండా బయటికి రావాలి. గట్టున ఉన్నవారు కాపాడటానికి నీళ్లలోకి దూకకూడదు.

నీటి శుభ్రతనూ లీకు దెబ్బతీస్తుంది. రోజూ వందల లీటర్ల కొత్త నీరు కలిస్తే నిన్న వేసిన క్లోరిన్ ఇవాళ పలచబడుతుంది. స్వేచ్ఛా క్లోరిన్ లీటరుకు 1 నుంచి 3 మిల్లీగ్రాములు, పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి. చౌకగా దొరికే పరీక్ష పట్టీలతో రోజూ చూడవచ్చు. కేరళలో 2024, 2025లలో ప్రాణాలు తీసిన అమీబా మెదడువాపు మందు కలపని, వెచ్చని, నిలవనీటి నుంచే ఎక్కువగా సోకింది. సరైన మోతాదు క్లోరిన్ ఆ అమీబాను చంపుతుంది. కొలను లోతైన చోట అడుగు స్పష్టంగా కనబడకపోతే ఎవరూ దిగకూడదన్నది ఏ మీటరూ అక్కర్లేని నియమం. మసక నీటిలో మునిగినవారు పక్కనున్నవారికి కనబడరు. బ్లీచింగ్ పౌడరునూ యాసిడ్‌నూ ఒకే గదిలో పక్కపక్కన పెట్టడం, ఒకే మగ్గుతో రెండూ తీయడం వల్ల విషవాయువు పుడుతుంది. క్లోరిన్ బిళ్లలను బ్లీచింగ్ పౌడరుతో కలిపితే మంటలు లేస్తాయి. మందును ఎప్పుడూ నీటిలో వేయాలి, మందు మీద నీళ్లు పోయకూడదు. వానాకాలంలో పాములు కొలనులో పడి ఎక్కలేక గోడ అంచుల్లో తచ్చాడుతుంటాయి. చీకట్లో టార్చి వేయకుండా దిగడం మంచిది కాదు.

మునిగినవారిని బయటికి తీశాక కాళ్లు పట్టి తిప్పడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం, ఉప్పులో కప్పడం వంటివి విలువైన నిమిషాలను తినేస్తాయి, ప్రాణం నిలపవు. ఊపిరి లేకపోతే వెంటనే నోటితో శ్వాస ఇచ్చి, ఛాతీ నొక్కడం మొదలుపెట్టి, మరొకరి చేత 108కి ఫోన్ చేయించాలి. లేచి కూర్చున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

బాధ్యత ఎవరిది అన్న ప్రశ్నకు అద్దె తీరును బట్టి జవాబు మారుతుంది. నెలల లెక్కన ఇల్లు తీసుకుంటే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ వర్తిస్తుంది, కరారులో వేరేగా రాసుకోకపోతే. తనకు తెలిసి, అద్దెదారు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని యజమాని ముందే చెప్పాలి. తాను చేయించవలసిన మరమ్మతును నోటీసు ఇచ్చాక తగిన గడువులో చేయించకపోతే అద్దెదారు చేయించుకుని ఆ ఖర్చు అద్దెలోంచి మినహాయించుకోవచ్చు. అద్దెదారు కూడా ఇంటిని తీసుకున్న స్థితిలోనే, వాడకం అరుగుదల పోగా, తిరిగి అప్పగించాలి. అతని మనుషుల వల్ల దెబ్బతిన్నదాన్ని అతనే బాగుచేయించాలి. రెండు మూడు రోజులకు దిగే అతిథి అద్దెదారు కాదు, సేవ కొన్న వినియోగదారు. సేవాలోపానికి 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ ప్రకారం అయిదేళ్ల దాకా జైలుశిక్ష పడవచ్చు. ‘ఈత సొంత పూచీ’ అన్న బోర్డు యజమానిని దీని నుంచి తప్పించలేదు.

ఈ వివాదాల్లో గెలుపోటములు చాలావరకు కాగితం మీదే తేలుతాయి. ఇంట్లో దిగిన రోజే కొలను మట్టం, డ్రైన్ మూత, గేటు గడియ, కరెంటు బోర్డు ఫోటోలు తీసి యజమానికి వాట్సాప్‌లో పంపితే తేదీతో సహా సాక్ష్యం అవుతుంది. లీకు గమనించినా అలాగే రాతలో తెలపాలి. ఫోన్లో చెప్పిన మాట నిలవదు. నీళ్లు ఎవరు పట్టాలి, మందు ఎవరు కలపాలి, మరమ్మతు ఖర్చు ఎంతవరకు ఎవరిది అన్నవి కరారులోనే తేల్చుకోవాలి. గేటు, డ్రైన్ మూత, ఆర్‌సీసీబీలలో ఏది పాడైనా బాగయ్యే దాకా కొలను మూసి ఉంటుందనీ, ఆ రోజులకు అద్దె తగ్గుతుందనీ, మరమ్మతు పేరుతో వరద రోజుల్లో కొలను ఖాళీ చేయకూడదనీ అందులో రాయించుకున్నాకే సంతకం పెట్టాలి.